సమాచార సాంకేతికత: సంఘమునందు, ఆర్థిక వ్యవస్థయందు దాని పరిణామములు

వార్తను సేకరించుట, భద్రపరచుట, లెక్క కట్టుట, దూరమునకు పంపుట అను నాలుగు పనులను విద్యుత్సంకేతముల రూపమున నిర్వహించు యంత్రముల, పద్ధతుల సముదాయమునకు సమాచార సాంకేతికత అని పేరు. ఈ నాలుగు పనులును చిరకాలము వేర్వేరు చేతులలో నుండెను: కరణము కవిలెకట్టలో వ్రాసెడివాడు, గుమాస్తా కూడిక వేసెడివాడు, తపాలా బంట్రోతు సంచి మోసెడివాడు, తంతి కార్యాలయము చుక్కలను గీతలను పంపెడిది. మాటయైనను, బొమ్మయైనను, సంఖ్యయైనను ‘బిట్’ అను ఒకే కొలతకు లొంగునని 1948లో క్లాడ్ షానన్ అను అమెరికా గణితవేత్త నిరూపించినప్పటి నుండి ఈ చేతులన్నియు ఒకే యంత్రములోనికి వచ్చుటకు శాస్త్రాధారము ఏర్పడెను. 1965లో గోర్డన్ మూర్ అను చిప్పుల నిపుణుడు గమనించి చెప్పిన తీరుననే సిలికాను చిప్పుపై నిముడు ట్రాన్సిస్టర్ల సంఖ్య కొద్దికాలమునకొకసారి రెట్టింపగుచు వచ్చుటచే, ఆ యంత్రము గది నుండి బల్లమీదికి, బల్లమీది నుండి చొక్కాజేబులోనికి దిగినది. మన పండితులు టెలిగ్రాఫునకు తంతి, టెలిఫోనునకు దూరవాణి, కంప్యూటరునకు గణకయంత్రము అని వేర్వేరు పేర్లు పెట్టిరి. ఆ మూడును ఒకటియైన పిదప జనులు ఆ పేర్లను మూడింటిని ప్రక్కకు నెట్టి ఫోను అని ఊరకొనిరి. ఈ విషయమున పండితులకంటె జనులే వాస్తవమునకు దగ్గరగా నున్నారు.

సమాచారము చౌకయగుట వేరు, తెలిసినదానిని అనుసరించి నడచుకొనగల స్వేచ్ఛ వేరు. మొదటిదానిని యంత్రము కలిగించును. రెండవది అప్పు, భూమి, చదువు, చట్టము మున్నగువానిపై ఆధారపడియుండును. ఈ సాంకేతికత సంఘమును ఎట్లు మార్చుననుటకు దొరకు దృష్టాంతములు పరస్పర విరుద్ధముగా కనబడుటకు ముఖ్యకారణము ఈ భేదమే.

పూర్వచరిత్ర

ఈ మార్పు సెల్‌ఫోనుతో ఆరంభమైనది కాదు. 1850లో కలకత్తా నుండి డైమండ్ హార్బరు వరకు విలియం ఓషానెసీ పర్యవేక్షణలో తంతి వేసిరి. 1855లో ఆ సేవ సామాన్య ప్రజలకును లభించెను. 1866లో అట్లాంటికు సముద్రగర్భమున వేసిన తంతి నిలకడగా పనిచేయనారంభించుటకు ముందు, లివర్పూలు బజారులోని ప్రత్తిధర న్యూయార్కు వర్తకునకు తెలియవలెనన్న ఓడ వచ్చువరకు, అనగా ఇంచుమించు పది దినములు, నిరీక్షింపవలసి వచ్చెడిది. ఆ పది దినములలో అచ్చట ధర కూలిపోయినను ఇచ్చటివాడు పాతధరనే నమ్మి సరుకును ఓడ కెక్కించెడివాడు. తంతి వచ్చిన పిదప రెండు రేవుల ధరల మధ్య అంతరము తగ్గుటయు, వాణిజ్యము పెరుగుటయు సంభవించెను. తెలుగు పల్లెలలో మాత్రము తంతి వర్తకసాధనముగా గాక అశుభసూచకముగా పేరు మోసెను: టెలిగ్రాము వచ్చినదనగానే, కాగితము విప్పకముందే ఇంట ఏడుపు మొదలయ్యెడిది. 1984లో స్థాపితమైన సి-డాట్ సంస్థ రూపొందించిన చిన్న టెలిఫోను ఎక్స్ఛేంజీలు పల్లెలకు చేరుటయు, పసుపుపచ్చని ఎస్టీడీ ఫోను బూత్‌లు వీధి వీధిన వెలయుటయు, 1995 జులై 31న దేశమున మొదటి సెల్‌ఫోను సంభాషణ కలకత్తా ఢిల్లీల మధ్య జరుగుటయు, అదే సంవత్సరము ఆగస్టు 15న ఇంటర్నెట్టు సామాన్యులకు లభించుటయు తరువాతి మజిలీలు. 2013 జులైలో ప్రభుత్వము టెలిగ్రాము సేవను నిలిపివేసెను. దానికై ఏ పల్లెయు ఏడ్చినట్లు లేదు.

బజారు, ధర, వార్త

బజారులోని ధర అనునది దేశమున నలుమూలల చెదరియున్న తెలివిని ఒక్క అంకెలో క్రోడీకరించి చెప్పు వార్త యని 1945లో ఆర్థికవేత్త ఫ్రీడ్రిక్ హాయక్ వాదించెను. ఆ వార్తను తెలిసికొనుటకే కాలమును ధనమును వెచ్చింపవలసి వచ్చుననియు, కావుననే ఒకే సరుకు ఒకే పట్టణమున వేర్వేరు ధరలకు అమ్ముడగుచుండుననియు 1961లో మరియొక ఆర్థికవేత్త జార్జి స్టిగ్లర్ సూచించెను. అంతకు పూర్వమే, 1937లో, ఆర్థికవేత్త రోనాల్డ్ కోస్ మరియొక ప్రశ్న వేసియుండెను: బజారులో ఏ పనికైనను మనుష్యులు కుదురుచుండగా పెద్ద సంస్థలు ఉండుట యెందులకు? వెదకుట, బేరమాడుట, ఒప్పందము వ్రాసికొనుట అను వ్యయములు అధికమగుటచేతనే అని ఆయన సమాధానము. ఆ వ్యయములు పడిపోయిన దినమున సంస్థల రూపమే మారునని దీనినుండి తేలుచున్నది.

ఈ సిద్ధాంతములకు ఇంత చక్కని ప్రత్యక్షపరీక్ష మరియొకటి లేదనదగినది ఉత్తర కేరళ సముద్రతీరమున జరిగినది. అచ్చటి జాలరులు కవ్వలు అనబడు సార్డీను చేపలను పట్టి తెల్లవారుజామున తీరమునకు తెచ్చి అమ్ముదురు. మంచుపెట్టెలు లేవు, పడవ ఒక రేవునకు చేరిన పిదప మరియొక రేవునకు పోవుటకు నూనె ఖర్చు, అప్పటికి అచ్చటి బజారు ముగిసిపోవును. 1997 జనవరి 14వ తేదీ ఉదయము వడకర రేవున పదునొకండుగురు జాలరులు కొనువారు లేక పట్టిన చేపను పారవేయుటకు సిద్ధముగా నుండగా, పదునైదు కిలోమీటర్లలోపుననే ఉన్న చోంబాల, కొయిలాండి రేవులలో ఇరువదియేడుగురు వర్తకులు చేప దొరకక వట్టిచేతులతో మరలిపోవుచుండిరి. ఒకరి సంగతి ఒకరికి తెలియదు, అంతియే. 1997 మొదలు 2001 లోపల కోళిక్కోడు, కణ్ణూరు, కాసరగోడు జిల్లాలకు క్రమముగా సెల్‌ఫోను చేరెను. సముద్రములో ఇరువది కిలోమీటర్ల దూరమువరకు సిగ్నలు అందుచుండుటచే జాలరి పడవలో నుండియే నాలుగు రేవులకు ఫోను చేసి, ఎక్కడ ధర పలుకునో అక్కడికి చుక్కాని త్రిప్పనారంభించెను. రాబర్ట్ జెన్సన్ అను ఆర్థికవేత్త ఈ జిల్లాలను వారము వారము పరిశీలించి 2007లో ప్రకటించిన ఫలితముల ననుసరించి, అంతకుముందు పట్టినదానిలో నూటికి అయిదు మొదలు ఎనిమిది వంతులు వ్యర్థమగుచుండినది ఇంచుమించు పూర్తిగా నిలిచిపోయెను. జాలరుల లాభము నూటికి ఎనిమిది వంతులు పెరిగెను. కొనువారికి ధర నూటికి నాలుగు వంతులు తగ్గెను. ఎవరి జేబును కొట్టకయే ఇరుపక్షములకును మేలు జరుగుట అర్థశాస్త్రమున అరుదు; ఆ పరిశోధన ప్రపంచమంతట ప్రఖ్యాతి గాంచుటలో ఆశ్చర్యము లేదు.

అయితే తరువాత ఆ తీరమునకే పోయి విచారించిన పరిశోధకులు మరియొక సంగతిని బయటపెట్టిరి. పడవకు, వలకు పెట్టుబడి ఇచ్చిన కమీషను వ్యాపారి చేతికే చేపను అప్పగింపవలెనను కట్టుబాటు జాలరులలో పలువురకు కలదు. అట్టివానికి పొరుగురేవు ధర తెలిసియు ప్రయోజనము లేదు. ఈ మాట తెలుగు రైతునకు క్రొత్త కాదు. విత్తనమునకు, ఎరువునకు, ఒక్కొక్కప్పుడు బిడ్డ పెండ్లికిని అడ్తిదారు వద్ద సొమ్ము తెచ్చికొన్న ఆసామి పంటను ఆ అడ్తిదారు కొట్టునకే తోలవలెను గదా! 2016 ఏప్రిల్ 14న ఆరంభమైన జాతీయ వ్యవసాయ విపణి, అనగా ఈ-నామ్ పద్ధతి, నిజామాబాదు పసుపు మార్కెట్టునకును వచ్చినది. పసుపు కుప్పను చూచి కొనుగోలుదారు కంప్యూటరులో ధర వేయును. ఒకరు వేసిన ధర మరియొకరికి కనబడదు. చేతిగుడ్డ క్రింద వ్రేళ్లు పట్టుకొని బేరమాడు గుప్తపద్ధతికంటె ఇది మేలు. కాని కొమ్మును విరిచి రంగు చూడకుండ, గుప్పిట పట్టి తడి యెంతయో తెలిసికొనకుండ దూరదేశపు వర్తకుడు కొనుటకు జంకును. నాణ్యమును నిర్ణయించి ధ్రువీకరించు ప్రయోగశాల, సరుకు నిలువ చేయు గిడ్డంగి, గిడ్డంగి రసీదుపై తక్కువ వడ్డీకి అప్పిచ్చు బ్యాంకు లేనిచో తెరమీది అంకె రైతునకు వినోదమే.

ఉత్పత్తి, గుత్తాధిపత్యము

కంప్యూటర్లు ఎల్లెడల కనబడుచున్నను ఉత్పాదకతా గణాంకములలో మాత్రము వాని జాడ లేదని 1987లో ఆర్థికవేత్త రాబర్ట్ సోలో ఎత్తిపొడిచెను. దీనికి 1990లో పాల్ డేవిడ్ అను చరిత్రకారుడు చెప్పిన సమాధానము నేటికిని పనికివచ్చును. 1882లో ఎడిసన్ న్యూయార్కున విద్యుత్కేంద్రమును నెలకొల్పినను కర్మాగారములకు విద్యుత్తు వలని నిజమైన లాభము చేకూరుటకు ఇంచుమించు నలువది యేండ్లు పట్టెను. ఆవిరి యంత్రమున్నచోటనే విద్యుత్ మోటారును బిగించి, పాత ఇరుసులను, తోలుపట్టీలను అట్లే ఉంచినంతకాలము లాభము స్వల్పమే. ఒక్కొక్క మరకు ఒక్కొక్క మోటారు నమర్చి, కర్మాగారమునే క్రొత్త నమూనాలో కట్టిన పిదపనే ఉత్పత్తి ఎగసెను. కాగితపు దరఖాస్తును కంప్యూటరులో నింపించి, దానినే అచ్చుతీయించి, మూడు బల్లలమీద ముద్రలు వేయించు కార్యాలయమును చూచినవారికి ఈ సంగతి వివరింప నక్కరలేదు.

సమాచార వస్తువునకు మరియొక విలక్షణత కలదు. మొదటి ప్రతికి కోట్లు ఖర్చగును, రెండవ ప్రతి ఇంచుమించు ఉచితము. అంతేకాక ఎంతమంది వాడుచుందురో అంత విలువ దానికి పెరుగును: బంధువులందరును ఒక వాట్సాప్ గుంపులో నుండగా వేరొక యాప్ ఎంత మేలైనదైనను దానిలో ఒంటరిగా కూర్చుండువాడెవడు? ఈ రెండు గుణముల వలన పోటీతో మొదలైన వ్యాపారములు ఒకటి రెండు సంస్థల చేతిలో ముగియుచున్నవి. కోస్ సిద్ధాంతమును బట్టి చిన్నవిగా చీలవలసిన సంస్థలు కొన్ని రాజ్యములంత పెరుగుట ఈ యుగమునందలి వైపరీత్యము.

ఉద్యోగములు

దినచర్యవలె పునరావృత్తమగు పనులనే కంప్యూటరు మొదట హరించుననియు, మిక్కిలి నేర్పు కోరునవియు, కేవలము కాలుచేతులతో ఎప్పటికప్పుడు చేయవలసినవియు నిలుచుననియు 2003లో డేవిడ్ ఆటర్ ప్రభృతులగు ఆర్థికవేత్తలు చూపిరి. వ్రాసిన మాటను, ప్రోగ్రామును తానే కూర్చెడి నేటి కృత్రిమమేధ ఈ విభాగమును తారుమారు చేయుచున్నది. దాని ఫలితమును ఇప్పుడే నిర్ణయించుట తొందరపాటగును.

తెలుగువారికి ఈ ప్రకరణము ఇంటిసంగతి. 1991లో కేంద్రప్రభుత్వము సాఫ్ట్‌వేరు టెక్నాలజీ పార్కుల సంస్థను ఏర్పరచి ఉపగ్రహముల ద్వారా పనిని పరదేశమునకు ఎగుమతి చేయుటకు వీలు కల్పించెను. 1998 నవంబరులో హైదరాబాదు మాదాపూరున సైబర్ టవర్సు అను సాఫ్ట్‌వేరు భవనమును ప్రధానమంత్రి వాజపేయి ప్రారంభించెను. సంవత్సరమును రెండంకెలలో వ్రాసికొన్న పాత ప్రోగ్రాములు 2000 రాగానే తప్పులు చేయునను భయమున పాశ్చాత్య సంస్థలు వేలకొలది ప్రోగ్రామర్లను వెదకుచున్న రోజులవి. అమీరుపేట మైత్రీవనము చుట్టునున్న శిక్షణాలయముల గోడలపై కోర్సుల బోర్డులు ఒకదానిమీద ఒకటి వ్రేలాడెను. ఉదయము ఏడు గంటల బ్యాచికి జిల్లాల నుండి వచ్చిన కుఱ్ఱవాండ్రు మెట్లమీద నిలువబడి డెమో క్లాసు వినిరి. అటనుండి ఆన్‌సైటు, అనగా పరదేశమున పని, అటనుండి గ్రీను కార్డు. ఒక తరములోనే మెట్టపొలము దున్నిన ఇంటివారు డాలర్లలో లెక్కలు వేయుటయు, ఆ డాలర్లు తిరిగివచ్చి హైదరాబాదు చుట్టునున్న పొలములను ప్లాట్లుగా మార్చుటయు జరిగెను. కాని ఈ వృత్తి అమెరికా వీసా నిబంధనతో, అచ్చటి మాంద్యముతో ముడివడియున్నది. పని లేక ‘బెంచి మీద’ నుండుట అను మాట తెలుగు ఇండ్లలో అమ్మమ్మలకు గూడ తెలియును.

అదే నగరమున అదే సాంకేతికతచే బ్రతుకు మరియొక శ్రామికుడు కలడు. సంచి వీపునకు తగిలించుకొని ద్విచక్రవాహనముపై భోజనము చేరవేయు ఆతనికి మేస్త్రీ లేడు. పని చెప్పునదియు, కూలి కట్టునదియు, రేటింగు తగ్గినచో ఐడీని నిలిపివేయునదియు యాపే. ఎవరితో మొరపెట్టుకొనవలెను? 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి ఇట్టి శ్రామికులకు చట్టమున ఒక నామమును ఇచ్చెను. 2023లో రాజస్థానము వారికొరకు ప్రత్యేక శాసనము చేసెను.

ధనము

2007లో కెన్యా దేశమున ఫోను ద్వారా సొమ్ము పంపు ఎం-పెసా సేవ ఆరంభమైనప్పుడు అచ్చట బ్యాంకు ఖాతా లేనివారే అధికులు. నైరోబిలో కూలిచేయు కుమారుడు సందేశరూపమున పంపిన సొమ్మును తల్లి ఊరి దుకాణములో నగదుగా తీసికొనుచుండెను. 2016లో ప్రకటితమైన ఆర్థికవేత్తలు సూరి, జాక్ గార్ల పరిశోధన ప్రకారము ఆ సేవ కెన్యా కుటుంబములలో నూటికి రెండు వంతులను దారిద్ర్యము నుండి పైకెత్తెను. ముఖ్యముగా స్త్రీలు వ్యవసాయపు పనులు విడిచి చిల్లర వ్యాపారములకు మరలిరి. కష్టము వచ్చిన దినమున దూరపు బంధువు సాయము అదే గంటలో అందుటయే దానిలోని కీలకము.

మనదేశమున 2016లో ఫోను ద్వారా సొమ్ము చెల్లించు యూపీఐ పద్ధతి ప్రవేశించెను. కెన్యాలో ఒక ఫోను సంస్థ సొంతమైన వ్యవస్థ ఇచ్చట బ్యాంకులన్నిటికిని ఉమ్మడిదిగా నిర్మింపబడుట విశేషము. అదే సంవత్సరము సెప్టెంబరులో జియో ఫోను సంస్థ రాకతో డేటా ధర పడిపోవుటయు, నవంబరు 8న పెద్దనోట్ల రద్దును దానికి తోడయ్యెను. 2023 ఆగస్టులో ఒక్క నెల చెల్లింపుల సంఖ్య వేయి కోట్లు దాటెను. టీకొట్టు గల్లాపెట్టె ప్రక్కనున్న చిన్న సౌండు బాక్సు ‘పది రూపాయలు అందినవి’ అని తెలుగున పలుకును. చదువురాని వర్తకుడు తల యెత్తకయే టీ వడపోయును. చిల్లర లేదని చాక్లెట్టు చేతిలో పెట్టుట ఇంచుమించు అంతరించినది. ప్రతి చెల్లింపును లెక్కలో మిగులుటచే ఆ టీకొట్టునకు బ్యాంకు అప్పు దొరకు అవకాశము కలిగినది. ఆ లెక్కను చూచియే యాప్ అప్పులవారును వెంటపడుచున్నారు.

సంఘము

ఇచ్చట గణాంకములతోపాటు గమనికయు పనికివచ్చును. సమాచారము అధికమగుకొలది వినువాని అవధానమునకు కరువు వచ్చునని ఆర్థికవేత్త హెర్బర్ట్ సైమన్ 1971లోనే హెచ్చరించెను. పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను పుకారు ఫోన్ల ద్వారా వ్యాపించి అమాయకుల ప్రాణములు తీయగా, 2018 జులైలో వాట్సాప్ ఒక సందేశమును ఒకేసారి అయిదు సంభాషణలకు మించి పంపకుండ భారతదేశమున పరిమితి విధించెను. ఫోను ఇంటిలో నున్నంతమాత్రమున ఇంటివారందరిది కాదు: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తాము స్వయముగా వాడుకొను ఫోను గల స్త్రీలు నూటికి 54 మంది; ఎన్నడైనను ఇంటర్నెట్టును వాడిన పురుషులు నూటికి 57 మంది కాగా స్త్రీలు 33 మందియే.

భాష విషయమున మాత్రము ఒక శుభము చెప్పవలెను. లిపులన్నిటికిని ఉమ్మడి సంకేతములను నిర్ణయించు యూనికోడు యొక్క 1991 నాటి మొదటి ప్రమాణముననే తెలుగు లిపికి స్థానము లభించెను. 2003లో తెలుగు వికీపీడియా మొలకెత్తెను. యూనికోడు వాడుకలోనికి రాకముందు ఒకరి అక్షరరూపమున వ్రాసిన తెలుగు మరియొకరి యంత్రమున పిచ్చిగీతలుగా కనబడెడిది. తెలుగును ఆంగ్లలిపిలో టైపు చేయు అలవాటు ఆ ఇబ్బందినాడు పుట్టి, ఇబ్బంది తీరిన పిదపను పోలేదు.

రాజ్యము, వేలిముద్ర

ఆంధ్రప్రదేశమున 1998లో ‘కార్డ్’ పద్ధతిచే భూముల రిజిస్ట్రేషన్లు కంప్యూటరునకు ఎక్కెను. 2001లో ఈ-సేవా కేంద్రములు వెలసి కరెంటు బిల్లు, నీటి బిల్లు ఒకేచోట కట్టు సౌకర్యము కలిగినది. ఇవి పట్టణవాసికి కాలమును మిగిల్చినవి. పేదవానికి ఇంతకంటె ముఖ్యమైన పరీక్ష వేరొకచోట జరిగినది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ఆరంభమైన ఉపాధి హామీ పథకపు కూలిని, వృద్ధుల పింఛనులను వేలిముద్రతో కూడిన స్మార్టుకార్డుల ద్వారా చెల్లించు పద్ధతిని రాష్ట్రము ప్రవేశపెట్టినప్పుడు, ఏ మండలమునకు ముందు, ఏ మండలమునకు తరువాత అను క్రమమును 157 మండలములలో చీట్లు తీసినట్లు యాదృచ్ఛికముగా నిర్ణయించిరి. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ గార్లు రెండు తెగలను పోల్చి చూడగా, కూలి ముందుకంటె త్వరగా అందుటయు, సొమ్ము తీసికొనుటకు పట్టు కాలము ఇరువదిరెండు నిమిషములు తగ్గుటయు, ఉపాధి హామీలో మధ్య దారిలో మాయమగు సొమ్ము నూటికి నలువదియొక్క వంతు తగ్గుటయు తేలెను.

ఇదే వేలిముద్ర, మరియొక చోట, మరియొక విధముగా పనిచేసెను. 2010 సెప్టెంబరులో మహారాష్ట్రమందలి తెంభ్లి గ్రామమున వేలిముద్రతో జతచేసిన మొదటి ఆధార్ గుర్తింపు సంఖ్యలు ఇచ్చిన పిదప, ఆ సంఖ్యను రేషనునకు ముడిపెట్టిన ఝార్ఖండమున, సంఖ్య జతపడనివారు బియ్యమునకు దూరమైరి. మోసగాని వడపోయు జల్లెడయే నిజమైన పేదను గూడ వడపోసినది. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించినను, 2018లో ఆధార్ చట్టముపై తీర్పునందు సుప్రీంకోర్టు ప్రభుత్వ సాయమునకు ఆ సంఖ్యను అడుగుటను సమర్థించెను.

చౌకధరల దుకాణము ముందు నిలిచిన ముసలివాని చేతిని చూడుడు. అరువది యేండ్లు పార పట్టి, నారు పీకి, రాళ్లు మోసిన ఆ వ్రేళ్లపై గీతలు అరిగిపోయినవి. డీలరు బొటనవ్రేలిని తడిగుడ్డతో తుడిపించును, చూపుడువ్రేలిని పెట్టించును, ఎడమచేతిని పెట్టించును. యంత్రము ఎఱ్ఱదీపమునే చూపును. ఊరందరికి ఆతడు తెలియును, డీలరునకు తెలియును, యంత్రమునకు మాత్రము తెలియదు. ఆంధ్రప్రదేశమున ఇట్టివారికొరకు గ్రామ రెవెన్యూ అధికారి తన వ్రేలిని యంత్రముపై పెట్టి, ఇతడు నేనెరిగినవాడేయని పూచీపడి, బియ్యము ఇప్పించు ఏర్పాటు చేసిరి.